డిశ్చార్జి కాగితం చెప్పని సంగతి

పిత్తాశయం (గాల్‌బ్లాడర్) తీయించుకుని ఇంటికి వచ్చిన మర్నాడే ఒక స్నేహితురాలు తన డిశ్చార్జి కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపింది. అంతకు ముందు ఏడాది నాకూ అదే ఆపరేషన్ అయింది కాబట్టి ఇలాంటి సందేహాలకు నేనే దగ్గరి దిక్కు. కాగితం బాగానే ఉంది. స్నానం ఎప్పటి నుంచి చేయవచ్చో, ఎంత బరువు ఎత్తకూడదో, బండి ఎప్పుడు నడపవచ్చో, కుట్ల దగ్గర ఎర్రబడితే ఏం చేయాలో, జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలో వివరంగా రాశారు. "అంతా చదివాను. ఒక్క విషయం మాత్రం లేదు, నిన్నే అడగాలి" అని రాసి, తర్వాత చాలాసేపు ఏమీ రాయలేదు. ఏమడగబోతోందో నాకు అర్థమైంది. నాకిచ్చిన కాగితంలోనూ అది లేదు.

భర్తతో మళ్లీ ఎప్పుడు కలవవచ్చు? కలిస్తే లోపల ఏమైనా అవుతుందా? అసలు అటు మనసే పోవడం లేదు, అది మామూలేనా? అడగదలచుకున్నవి ఇవే. వీటికి వైద్యంలో జవాబులు ఉన్నాయి. పెద్ద జవాబులు కూడా కావు, నాలుగైదు వాక్యాల్లో చెప్పేయవచ్చు. ఆ నాలుగైదు వాక్యాలు డిశ్చార్జి కాగితం మీద అచ్చులో ఉండాలని, ఆవిడ అడిగినా అడగకపోయినా ఉండాలని నా అభిప్రాయం. ఇందులో కాదనడానికి ఏముంటుందిలే అనుకుంటూ రాయడం మొదలుపెట్టాను. కాదనడానికి చాలానే ఉందని రాస్తూ ఉంటే తెలిసింది.

"ఏమీ కాదమ్మా" అన్న జవాబు

ధైర్యం చేసి అడిగిన వాళ్లకు సర్జన్ల నుంచి సాధారణంగా వచ్చే జవాబు "ఏమీ కాదమ్మా" అని. శరీర నిర్మాణం ప్రకారం అది సరైన జవాబే. పిత్తాశయం కాలేయం కింద, కుడివైపున ఉంటుంది. గర్భాశయం, అండాశయాలు, యోని ఎక్కడో కింద కటి భాగంలో ఉంటాయి. ఈ ఆపరేషన్‌లో ఎవరూ వాటి జోలికి పోరు. పిత్తాశయం పైత్యరసాన్ని నిల్వ చేసుకునే సంచి. లైంగిక హార్మోన్లతో దానికి పని లేదు. దాన్ని తీసేసినందువల్ల ఈస్ట్రోజెన్ తగ్గదు, నెలసరి ఆగిపోదు, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినదు. ఆపరేషన్ జరిగిన నెలలో బహిష్టు ఒకసారి ముందుకో వెనక్కో జరిగితే అది ఆ ఒత్తిడి, ఆ పస్తుల ప్రభావం కావచ్చు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ "ఏమీ కాదు" అన్నది అవయవాల గురించిన జవాబు. అడిగే ఆవిడ పొట్ట గురించి అడుగుతోంది. పొట్ట గోడకు నాలుగు చోట్ల రంధ్రాలు చేశారు. అందులో నాభి దగ్గరిది సాధారణంగా పది మిల్లీమీటర్లు ఉంటుంది, తీసిన పిత్తాశయం చాలాసార్లు బయటికి వచ్చేదీ ఆ దారినే. పైకి చూస్తే గోరంత గాయం. మంచం మీద ఒక పక్క నుంచి మరో పక్కకు తిరిగేటప్పుడు, దగ్గేటప్పుడు, నవ్వేటప్పుడు అది ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ రోజుల్లో నేను తుమ్ము వచ్చేలా ఉంటే చేతికందిన దిండును పొట్టకు అదుముకునేదాన్ని. అలాంటి పొట్ట మీద ఇంకొకరి బరువు పడుతుందనే ఊహ వస్తే ఒళ్లు దానంతటదే ముడుచుకుపోతుంది. దానిని కోరిక లేకపోవడం అనరు.

దానికి తోడు గ్యాసు. లోపల కెమెరాకు చోటు కావాలి కాబట్టి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి, 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర ఉబ్బించి పని చేస్తారు. పొట్ట లోపలి పొర సాగినందువల్ల, మిగిలిన గ్యాసు వల్ల డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) చికాకుపడితే నొప్పి వచ్చేది భుజంలో. పొట్టలో ఆపరేషన్ చేస్తే భుజం నొప్పి ఎందుకో ముందే ఎవరైనా చెప్పకపోతే గుండె జబ్బేమో అన్న భయం పట్టుకుంటుంది. నొప్పికి మార్ఫిన్ తరహా బలమైన మాత్రలు ఇస్తే మలబద్ధకం, మత్తు, కోరిక మందగించడం ఉంటాయి. కొందరికి దీనికి పూర్తి విరుద్ధంగా, పైత్యరసం నిల్వ లేకుండా పేగుల్లోకి కారుతూ ఉండటం వల్ల కొన్నాళ్లు విరేచనాలవుతాయి, అదీ ఆపుకోలేనంత తొందరగా. స్నానాలగదికి దూరంగా ఒక గంట గడపడానికే ధైర్యం చాలని మనిషి ఇంకొకరి పక్కన ఏం నిశ్చింతగా పడుకుంటుంది? ఇవన్నీ చాలామందిలో రోజుల్లోనో వారాల్లోనో సర్దుకునేవే. సర్దుకుంటాయని చెప్పే వాళ్లు లేకపోవడమే బాధ.

పెద్ద గాటు పెట్టి ఈ ఆపరేషన్ చేసే కాలంలో బహుశా ఈ చిక్కు ఇంతగా ఉండేది కాదు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి పిత్తాశయాన్ని తీసినప్పటి నుంచి దాదాపు నూరేళ్ల పాటు ఆ గాటే రోగి తరఫున మాట్లాడింది. పక్కటెముకల కింద అంత పొడవున కుట్లు ఉన్న మనిషి నుంచి ఎవరూ ఏమీ ఆశించరు. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహే చిన్న రంధ్రాల పద్ధతిలో చేసి చూపించాక ఆపరేషన్ తేలికైంది. ఇప్పుడు మర్నాటికి, కొన్నిచోట్ల అదే రోజు సాయంత్రానికి ఇంటికి పంపేస్తున్నారు. వద్దనను, దానివల్ల నేనూ బాగుపడ్డాను. కానీ చూసేవాళ్లకు కనపడేవి నాలుగు చిన్న ప్లాస్టర్లే కాబట్టి ఆమె బాగున్నట్టే లెక్క. తాను ఇంకా బాగాలేనని ఆమె తన నోటితో చెప్పుకోవాలి.

గర్భనిరోధక మాత్ర మందు కాదా?

ఇదంతా ఓదార్పు మాటల వ్యవహారమని, కాగితంలో లేకపోయినా కొంప మునగదని అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు చెప్పాల్సింది ఈ భాగం.

ఆపరేషన్‌కు ముందు నింపే ఫారంలో "ప్రస్తుతం వాడుతున్న మందులు" అని ఒక గడి ఉంటుంది. నా స్నేహితురాలు అక్కడ "లేవు" అని రాయించింది. గర్భనిరోధక మాత్రల అట్ట ఆ సమయంలో ఆమె సంచిలోనే ఉంది. అబద్ధం చెప్పాలని కాదు. మందులంటే బీపీకో, షుగర్‌కో, థైరాయిడ్‌కో వాడేవని ఆమె లెక్క. జబ్బేమీ లేకుండా వేసుకునే మాత్ర ఆ గడిలోకి వస్తుందని తోచలేదు. ఫారం నింపుతున్న వాళ్లూ విడిగా అడగలేదు. పక్కన మామగారు నిలబడి ఉన్నారట, అడిగినా ఏం చెప్పేదో.

ఇప్పుడు మత్తు డాక్టర్ల వైపు నుంచి చూద్దాం. ఆపరేషన్ సమయంలో కండరాలు వదులవడానికి ఇచ్చిన రోక్యురోనియం వంటి మందుకు విరుగుడుగా చివర్లో సుగమ్మడెక్స్ అనే ఇంజెక్షన్ ఇవ్వడం చాలాచోట్ల మామూలైంది. ఐరోపాలో 2008లోనూ, అమెరికాలో 2015లోనూ దానికి అనుమతి వచ్చింది. మంచి మందు. అయితే అది గర్భనిరోధక మాత్రల్లో ఉండే ప్రొజెస్టోజెన్ అనే హార్మోన్‌ను కూడా పట్టుకుని పనిచేయకుండా చేయగలదు. ఆ మందు తీసుకున్న స్త్రీ హార్మోన్ల పద్ధతిలో గర్భం రాకుండా చూసుకుంటూ ఉంటే, తర్వాత 7 రోజుల పాటు కండోమ్ వంటి హార్మోన్లు లేని పద్ధతి కూడా వాడాలని ఆ మందు సమాచార పత్రమే చెబుతుంది. పాత విరుగుడు నియోస్టిగ్మిన్‌తో ఈ ఇబ్బంది లేదు. వాంతులు రాకుండా ఇచ్చే మందుల్లో ఎప్రెపిటెంట్ అని ఇంకొకటి ఉంది. దానితోనైతే జాగ్రత్త నెల రోజులో, అంతకన్నా ఎక్కువో ఉండాలి. ఇవేవీ ఇవ్వకపోయినా, ఆపరేషన్ రోజున మాత్ర వేసుకోవడం మరచిపోయినా, వేసుకున్న కాసేపటికే వాంతి అయినా, విరేచనాలు గట్టిగా పట్టుకున్నా ఆ నెల మాత్రను నమ్ముకోలేం. పైత్యరసం వల్ల వచ్చే విరేచనాలకు కొలెస్టైరమీన్ పొడి ఇస్తే అది కడుపులో ఇతర మందులను కూడా పట్టేసుకుంటుంది కాబట్టి, మిగతా మాత్రలు దానికి కనీసం గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. రాగి లూప్ వేయించుకున్న వాళ్లకు వీటిలో ఏదీ వర్తించదు.

ఈ సంగతులు మత్తు డాక్టరుకు తెలుసు, మందుల షాపులోని ఫార్మసిస్టుకు తెలుసు. ఇంటికి వెళ్లే ఆవిడకు తెలియవు. ఆమెకు ఏ విరుగుడు ఇచ్చారో ఆమె చేతిలోని కాగితంలో ఉండదు, అది ఆసుపత్రి ఫైల్లోని మత్తు చీటీలో ఉంటుంది. మూడు వారాలు బరువులెత్తవద్దని రాసిన చోటనే "గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే 7 రోజులు అదనపు జాగ్రత్త" అని రాయడానికి ఎంత సిరా అవుతుంది? అనుకోని గర్భం, బరువులెత్తితే వస్తుందని భయపడే హెర్నియా కంటే చిన్న సమస్యా?

ఇంకో వైపు కూడా ఉంది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని కొంత పెంచుతాయి కాబట్టి ఆపరేషన్ అనగానే కొందరు తమంతట తామే ఆపేస్తారు. ఎక్కువ రోజులు మంచానికి అంటిపెట్టుకుని ఉండాల్సిన పెద్ద ఆపరేషన్ల విషయంలో ఆ జాగ్రత్త అవసరం. అదే రోజు లేచి నడిపించే ఇలాంటి వాటిలో చాలామందికి ఆపనక్కరలేదు. ఆపాలో వద్దో డాక్టరు చెప్పాలి. డాక్టరు చెప్పాలంటే మాత్ర సంగతి ఆయనకు తెలియాలి. మళ్లీ ఆ గడి దగ్గరికే వచ్చాం. పిత్తాశయం తీసేశాక ఈస్ట్రోజెన్ మాత్రలు సాధారణంగా వాడవచ్చని, రాళ్లు ఉండి నొప్పి వస్తున్న దశలో మాత్రం మామూలుగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఈ సంభాషణ జరగాల్సిందే.

నింద ఎవరి మీద?

పిత్తాశయంలో రాళ్లు మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ, ముఖ్యంగా పిల్లల్ని కనే వయసులో. ఈస్ట్రోజెన్ వల్ల పైత్యరసంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ప్రొజెస్టెరాన్ వల్ల పిత్తాశయం మందకొడిగా ఖాళీ అవుతుంది. గర్భంతో ఉన్నప్పుడు రెండూ ఎక్కువే. అందుకే ఈ ఆపరేషన్ చేయించుకునే వాళ్లలో ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లులు చాలామంది ఉంటారు. పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటుంది, యోని పొడిబారుతుంది, కలయికలో మంట, నొప్పి ఉంటాయి. ఆపరేషన్ కాకపోయినా అవి ఉండేవే. ఇక మరో గుంపు నలభై అయిదు దాటిన వాళ్లు. వాళ్లకు మెనోపాజ్ దగ్గరపడి అదే పొడిదనం మొదలవుతుంది.

ఈ రెండు రకాల వాళ్లూ ఏమనుకుంటారు? "గాల్‌బ్లాడర్ తీసినప్పటి నుంచి నాకు ఇలా అయింది" అనుకుంటారు. తేదీలు అలా కలిసి వస్తాయి మరి. ఆ నింద వల్ల వచ్చే నష్టం ఏమిటంటే, లూబ్రికెంట్ జెల్‌తోనో, డాక్టరు రాసిచ్చే ఈస్ట్రోజెన్ క్రీముతోనో తగ్గే ఇబ్బందిని "ఆపరేషన్ చేయించుకున్నాం కదా, ఇంతే" అని ఏళ్ల తరబడి భరిస్తారు. యాంటీబయాటిక్ వాడాక యోనిలో దురద, పెరుగులాంటి తెల్లబట్ట వస్తే అది ఫంగస్ ఇన్ఫెక్షన్, చిన్న మందుతో పోతుంది. దాన్ని కూడా ఆపరేషన్ ఖాతాలోనే వేసుకుని ఊరుకునే వాళ్లున్నారు.

దారి మారితేనే ప్రశ్న వచ్చింది

ఈ వ్యాసం కోసం చదువుతూ ఉంటే ఒకచోట నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. 2007లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జాక్ మారెస్కో బృందం ఒక స్త్రీ పిత్తాశయాన్ని యోని మార్గం గుండా తీసింది. పొట్ట మీద మచ్చ ఉండకూడదని ఆ ప్రయత్నం. అమెరికాలో, బ్రెజిల్‌లో కూడా అదే ఏడాది అలాంటివి చేశారు. అది జరిగాక వైద్య ప్రపంచానికి ఒక్కసారిగా గుర్తొచ్చింది, ఈ రోగులకు లైంగిక జీవితం ఉంటుందని. కలయికలో నొప్పి వస్తోందా, కోరిక తగ్గిందా అని ప్రశ్నాపత్రాలు ఇచ్చి అడగడం మొదలుపెట్టారు. మంచిదే. కానీ పొట్ట దారిన తీసినప్పుడు అవే ప్రశ్నలు ఎందుకు గుర్తుకు రాలేదు? యోనిని ముట్టుకుంటే తప్ప స్త్రీకి లైంగిక ఆరోగ్యం లేనట్టేనా?

అడగడంలోనూ ఒక తిరకాసు ఉంది. ఇలాంటి అధ్యయనాల్లో ఎక్కువగా వాడేది స్త్రీల లైంగిక ఆరోగ్యాన్ని కొలవడానికి 2000లో వచ్చిన ఎఫ్ఎస్ఎఫ్ఐ అనే ప్రశ్నావళి. కోరిక, ఉద్రేకం, తడి, భావప్రాప్తి, తృప్తి, నొప్పి అని ఆరు భాగాలు, మొత్తం 19 ప్రశ్నలు, అన్నీ గడచిన 4 వారాల గురించి. చాలా ప్రశ్నలకు "ఈ మధ్య కలయిక జరగలేదు" అని జవాబిస్తే పడేది సున్నా. అంటే కుట్లు మానేదాకా ఆగుదామని బుద్ధిగా ఆగిన మనిషికి మార్కులు పడిపోతాయి, ఆమెకేదో లోపం వచ్చినట్టు లెక్క తేలుతుంది. నొప్పి ఓర్చుకుంటూ ఒప్పుకున్న ఆమెకు అంతకంటే ఎక్కువ రావచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లో స్కోరు తగ్గిందని ఎక్కడైనా కనిపిస్తే నేను తొందరపడి నమ్మను.

రాస్తే వచ్చే చిక్కులు

నాకు తెలిసిన ఒక సర్జన్‌తో దీని గురించి చాలాసేపు మాట్లాడాను. ఆయన అభ్యంతరాల్లో కొన్నింటికి నా దగ్గర జవాబుంది. ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలు, అందులో ఇదెక్కడ చెప్పను అన్నారు. అందుకే అచ్చు వేయమంటున్నాను. పెళ్లికాని అమ్మాయికి ఈ కాగితం ఎలా ఇస్తాం అన్నారు. బరువులెత్తే పని లేని వాళ్లకు కూడా బరువుల వాక్యం ఉన్న కాగితమే ఇస్తున్నారు కదా, అక్కర్లేని వాళ్లు ఆ వాక్యం వదిలేస్తారు. లేని భయం పుట్టించినట్టు అవుతుందేమో అన్నారు. ఇది కొంచెం ఆలోచించాల్సిన మాటే. నొప్పి వస్తుందని ముందే చెబితే కొందరికి ఆ మాటకే నొప్పి వస్తుంది. అయితే కాగితం చెప్పకపోతే ఆ ఖాళీలోకి ఇంటర్నెట్ వచ్చి కూర్చుంటుంది. అది పుట్టించే భయాల ముందు ఈ నాలుగు వాక్యాలు ఏపాటివి?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన అభ్యంతరం ఆయన చెప్పింది కాదు. బాగా తెలిసిన ఒకావిడ తన అనుభవం చెప్పింది. డిశ్చార్జి రోజున ఆమె మంచం మీద కూర్చుని ఫైలు సర్దుకుంటుంటే, ఆమె భర్త వరండాలో డాక్టర్‌ని పట్టుకుని అడిగాడట. లోపలికి వచ్చి "వారం చాలన్నారు" అన్నాడట. ఆమెనెవరూ అడగలేదు, ఆమెకెవరూ చెప్పలేదు. గడువు మాత్రం పడిపోయింది. ఎనిమిదో రోజు రాత్రి ఆమెకు నొప్పిగా ఉందన్న మాట కంటే డాక్టరు గారి మాటకే బరువెక్కువైంది.

ఇప్పుడు చెప్పండి. "సాధారణంగా ఒకటి రెండు వారాల్లో కలవవచ్చు" అని కాగితం మీద అచ్చు వేస్తే, ఎన్ని ఇళ్లలో అది ఆమెకు ఇచ్చిన సమాచారంగా కాక, భర్తకు ఇచ్చిన అనుమతి పత్రంగా చెల్లుతుంది? ఆ సంగతి విన్నాక కొన్నాళ్లు ఈ వ్యాసం పక్కన పెట్టాను. కాగితం ఏమీ చెప్పకపోవడమే ఆమెకు ఒక రకమైన రక్షణేమో, "డాక్టర్ ఇంకా ఏమీ చెప్పలేదు" అని తప్పించుకునే వీలుందేమో అనిపించింది. కొందరు నిజంగానే ఆ వీలు వాడుకుంటారు, వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆవిడ విషయంలో కాగితం ఏమీ చెప్పలేదు, అయినా గడువు వచ్చింది, అదీ వరండా దారిన. కాగితంలో లేనందువల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. కాబట్టి రాయాలనే నేను మళ్లీ అనుకున్నాను. తేదీ మాత్రం రాయకూడదు.

నేను రాస్తే ఇలా రాస్తాను: "ఈ ఆపరేషన్ వల్ల మీ గర్భాశయానికి, హార్మోన్లకు, లైంగిక జీవితానికి శాశ్వతమైన మార్పేమీ రాదు. కొన్ని వారాల పాటు అలసట, నొప్పి, కోరిక తగ్గడం మామూలే. కుట్ల దగ్గర నొప్పి తగ్గి, మీకు ఇష్టమైనప్పుడే కలవండి. మొదట్లో పొట్ట మీద బరువు పడకుండా, పక్కకు తిరిగి ఉండే భంగిమ సుఖంగా ఉంటుంది. నొప్పి వస్తే వెంటనే ఆపేయండి. హార్మోన్ల గర్భనిరోధక పద్ధతి వాడుతుంటే కనీసం 7 రోజులు కండోమ్ కూడా వాడండి. మీకిచ్చిన మందులను బట్టి ఇంకా ఎక్కువ రోజులు అవసరమేమో డిశ్చార్జికి ముందే అడగండి. జ్వరం, పెరుగుతున్న కడుపు నొప్పి, కళ్లు పచ్చబడటం, నాభి దగ్గర కొత్తగా ఉబ్బు కనిపిస్తే ఆలస్యం చేయకుండా రండి. కలయికలో నొప్పి నెలలు గడిచినా తగ్గకపోతే గైనకాలజిస్టును కలవండి, దానికి వేరే కారణం ఉండవచ్చు."

ఇది సర్జన్ గారికి చూపించాను. కండోమ్ వాక్యం ఆయనకు నచ్చింది. ఫారంలో గర్భనిరోధక మాత్రల కోసం వేరే గడి పెట్టిస్తానని, మత్తు డాక్టరుతో కూడా మాట్లాడతానని అన్నారు. "మీకు ఇష్టమైనప్పుడే" అన్న ముక్క మాత్రం కొట్టేయమన్నారు, అది వైద్యం కాదట. మిగతాదంతా కావాలంటే తీసేయండి, ఆ ముక్క ఉంచండి అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు.